గొంతు తగ్గించండి, ఆయన మాట్లాడుతున్నాడు

మబ్బు కొండ దిగి వచ్చి రోడ్డు మీద కూర్చుంది. పదడుగుల అవతల ఏముందో కనపడదు. గంట మోగితే గొర్రె, దగ్గు వినిపిస్తే మనిషి.

2010 జూలై 22, గురువారం. ఫ్రాన్స్ దక్షిణపు అంచున పిరనీస్ కొండల్లో, టూర్మలె కనుమకు ఎక్కే రోడ్డు. కింద లూజ్ ఊరి నుంచి పైదాకా దాదాపు 19 కిలోమీటర్ల ఎక్కుడు. పైన ఎత్తు 2,115 మీటర్లు. మనం నిలబడ్డ చోటి నుంచి ఇంకో నాలుగు కిలోమీటర్లు ఎక్కితే టూర్ ద ఫ్రాన్స్ పదిహేడో దశ రేసు ముగిసే గీత వస్తుంది. పొద్దున పో పట్టణంలో బయల్దేరిన రేసర్లు 174 కిలోమీటర్లు తొక్కి సాయంత్రానికి ఇక్కడికి రావాలి.

చెప్పులేసుకుని వచ్చినందుకు తిట్టుకుంటూ మనం రోడ్డు వారగా నడుస్తున్నాం. గడ్డి తడి, రాయి తడి, సాక్సు తడి. రోడ్డుకు రెండువైపులా క్యాంపర్ వ్యాన్లు, ఒకదాని వెనక ఒకటి. కోటప్పకొండ తిరునాళ్ళకు ముందురోజే బళ్ళు కట్టుకొచ్చి దిగినట్టు, వీళ్ళు కూడా వచ్చి రెండు మూడు రోజులైంది. మొన్న 20వ తేదీన కూడా రేసు ఈ కనుమ మీదుగానే పోయింది, అవతలి వైపు నుంచి ఎక్కి. అది చూసినవాళ్ళు కదలకుండా ఇక్కడే ఉండిపోయారు. స్టవ్వు మీద సూపు, తాడు మీద ఆరని తువ్వాళ్ళు, రోడ్డు మీద సున్నంతో రాసిన పేర్లు. వాన పేర్లను కరిగిస్తోంది. నారింజ రంగు చొక్కాల బాస్క్ కుర్రాళ్ళు కరిగిన అక్షరం మీదే మళ్ళీ రాస్తున్నారు.

ఈ ఏడు కొండకు నూరేళ్ళ పండుగ కూడా. టూర్ మొదటిసారి టూర్మలె ఎక్కింది 1910 జూలై 21న. అప్పటికి ఇది మట్టిబాట. ఆక్టావ్ లపీజ్ అనే ఆయన సైకిల్ తొక్కుతూ, దిగి తోస్తూ అందరికన్నా ముందు పైకి చేరాడు. ఆ రోజే ఇంకో కొండ మీద నిర్వాహకులను హంతకులని తిట్టిపోశాడు. ఆ తిట్టును ఫ్రాన్స్ ఇప్పటికీ ముద్దుగా చెప్పుకుంటుంది.

మనకు చలేస్తోంది. ఒక పాత తెల్ల వ్యాను పక్కన గుడారపు గుడ్డ కట్టి ఉంది. దాని కింద పదిమంది దాకా గుమిగూడారు. వానకు తలదాచుకోవడానికి మనమూ దూరతాం. ఎవరూ అడ్డు చెప్పరు, జరిగి చోటిస్తారు. వ్యాను మెట్టు మీద చెక్కపెట్టె, దాని మీద జానెడు బుల్లి టీవీ. గుండ్రంగా తిప్పే మీట ఉన్న పాత రకం. దాని ముందు స్టూలేసుకుని ఒక ముసలాయన. ఒళ్ళో తొమ్మిదేళ్ళ మనవరాలు, నెత్తిన ఎర్రచుక్కల టోపీ. ఆయన పేరు అడగొద్దు. ఈయన మన ఊహలోని మనిషి. కానీ ఇలాంటి ముసలాయనలు ప్రతి జూలైలో ఆ కొండలన్నిటి మీదా ఉంటారు.

టీవీలో రేసు ఇంకా లోయలోనే ఉంది. వ్యాఖ్యాత తియెరీ ఆదాం గొంతు ఖంగుమంటోంది. అది ఆగింది. దాని వెనక ఇంకో చప్పుడు మొదలైంది. ఎండు కొబ్బరిమట్టను గచ్చు మీద ఈడ్చినట్టుంది. ముందు టీవీ పాడైందనుకున్నాం. తరవాత ఆ గీరులోంచి ఒక మాట, ఇంకో మాట తెలిసింది. ఎవరో మాట్లాడుతున్నారు.

"తాతా, ఈయనకు జలుబు చేసిందా?"

ముసలాయన జవాబు చెప్పలేదు. చెయ్యి చాపి మీటను కుడికి తిప్పాడు. అది అప్పటికే చివరిదాకా తిరిగి ఉంది. ఇంక తిరగదు. అయినా వేలు అక్కడే ఉంచాడు.

"జలుబు కాదమ్మా," అంది వెనక నిలబడ్డ ఆవిడ. యాభై దాటి ఉంటాయి. జూలైలో కూడా చెవుల మీదికి లాక్కున్న ఉన్నిటోపీ. "ఆయన ఫిన్యోన్."

ఆ పేరుకు గుడ్డ కింద ఉన్న పెద్దవాళ్ళందరూ ఒక్క క్షణం బూట్ల వంక చూసుకున్నారు.

లారాన్ ఫిన్యోన్. 1983, 1984 టూర్ల విజేత. మొదటిసారి గెలిచినప్పుడు వయసు 22, అది ఆయన తొక్కిన మొట్టమొదటి టూర్. బంగారు రంగు జుట్టు, వెనక పిలక, గుండ్రటి కళ్ళద్దాలు. సైకిల్ తొక్కేవాళ్ళలో చాలామంది బడి మధ్యలో మానేసినవాళ్ళే ఉండే రోజుల్లో కళ్ళద్దాలు పెట్టుకున్న, కాస్త చదువుకున్న పారిస్ కుర్రాడు. అందుకే 'ప్రొఫెసర్' అన్నారు. సగం మెచ్చుకోలు, సగం వెక్కిరింత. నిరుడు, 2009 జూన్‌లో, తన ఆత్మకథ బయటికొస్తున్న రోజుల్లోనే ఆయన చెప్పాడు: నాకు క్యాన్సర్, ముదిరింది, పాకింది. ఆ తరవాత కీమోథెరపీ. ఈ ఏడు జబ్బు స్వరతంత్రిని కూడా తాకింది. అయినా జూలై 3న రాటర్‌డామ్‌లో టూర్ మొదలైన నాటి నుంచి ఫ్రాన్స్ టెలివిజన్ వ్యాఖ్యాతల గదిలో రోజూ తన కుర్చీలో కూర్చుంటున్నాడు.

కొండ కింది నుంచి హారన్లు. వస్తువులు విసిరే బళ్ళ ఊరేగింపు వచ్చింది. రేసర్ల కన్నా చాలా ముందే వచ్చే ప్రచార రథాలవి. పెద్ద సాసేజి, పెద్ద బిస్కెట్టు, పెద్ద నీళ్ళ సీసా బళ్ళెక్కి పోతుంటాయి. వాటి మీంచి అమ్మాయిలు తాళాల గుత్తులు, టోపీలు, మిఠాయి పొట్లాలు విసురుతున్నారు. రథం మీంచి అరటిపళ్ళు విసిరితే మన దగ్గర ఎలా ఎగబడతారో ఇక్కడా అంతే. బ్యాంకు మేనేజరులాంటి మనిషి ఒక తాళాల గుత్తి కోసం బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు. మనవరాలు తాత ఒళ్ళోంచి దూకి పరిగెత్తింది. గుడ్డ కింద ఉన్న సగం మంది పరిగెత్తారు.

ముసలాయన కదల్లేదు. ఉన్నిటోపీ ఆవిడా కదల్లేదు. ఇద్దరూ టీవీ దగ్గరికి ఇంకాస్త వంగారు. హారన్ల మోతలో ఆ గొంతు పూర్తిగా మునిగిపోయింది.

"నిన్న సెలవు. మొన్నటికన్నా ఇవాళ నయం," అంది ఆవిడ.

"నాకలా అనిపించట్లేదు. మాట చివర గాలి ఎక్కువ పోతోంది."

"అది పొద్దుపోయేకొద్దీ అలాగే ఉంటుంది. మందు ఎక్కించిన మూడోనాడు నాకు నీళ్ళు తాగినా నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుండేది. మాట్లాడటమే బరువు. ఆయన నాలుగు గంటలు మాట్లాడుతున్నాడు."

మూడు వారాలుగా ఫ్రాన్స్‌లో ఎన్ని ఇళ్ళల్లో ఈ సంభాషణ నడిచి ఉంటుందో. రేసులో ఎవరు ఎన్ని సెకన్లు ముందున్నారన్నది ఒక లెక్క. ఇవాళ ఫిన్యోన్ గొంతు ఎలా ఉందన్నది రెండో లెక్క. మొదటిది పేపర్లో వస్తుంది. రెండోది ఎవరికి వాళ్ళు చెవితో రాసుకుంటున్నారు.

బళ్ళు దాటిపోయాయి. పక్క వ్యాను కుర్రాడు తాళాల గుత్తి తిప్పుకుంటూ వచ్చాడు. వ్యాను వెనక అతని జనరేటరు డుర్రుమంటోంది. వచ్చీ రాగానే అన్నాడు, "ఈ మనిషి చేత ఎందుకు మాట్లాడిస్తారో! వినలేకపోతున్నాం. పాపం, ఇంట్లో పడుకోనివ్వచ్చు కదా."

"నువ్వు వినలేకపోతున్నావా, చూడలేకపోతున్నావా?" ఆవిడ అతని వైపు తిరగను కూడా తిరగలేదు. "ఆయన్ని ఇంట్లో పడుకోబెట్టి జాలిపడితే నీకు సుఖం. ఆయనకు కాదు."

కుర్రాడు ఎర్రబడ్డాడు. ముసలాయన స్టూలు మీంచి లేచి, నడుం పట్టుకుని, అతని భుజం మీద చెయ్యేశాడు. "బాబూ, నీ జనరేటరు కాసేపు ఆపుతావా?"

"ఆపితే మా ఫ్రిజ్జు..."

"ఒక్క గంట."

ఆగింది. ఆ డుర్రు పోయాక కొండ ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది. గంటల చప్పుడు, గుడ్డ మీద చినుకులు, టీవీలోంచి ఆ గీరు. రేసు సోలోర్ కనుమ వైపు మళ్ళిందని, రోడ్డు తడిసి ఉంది కాబట్టి దిగేటప్పుడు ముందు వరసలో ఉండాలని ఆయన చెబుతున్నాడు. జబ్బు ఊసు లేదు. వాక్యం పొట్టిది, విషయం సూటిది. పెడసరి మనిషి అన్న పేరు ఊరికే రాలేదు. వ్యాఖ్యానంలోనూ బాగా తొక్కనివాణ్ణి బాగా తొక్కలేదనే అంటాడు.

ఇవాళ అందరి మనసులో ఒకటే అంకె ఉంది. ఎవరూ ముందుగా అనడం లేదు. చివరికి మనవరాలే అంది. పేపర్లోని పట్టికను వేలితో చదువుతూ, "తాతా, కొంటడోర్ మొదటివాడు, ష్లెక్ రెండోవాడు. మధ్య 8 సెకన్లే!"

మూడు రోజుల కిందట, 19వ తేదీన, మొత్తం రేసులో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీలో ఉన్న ఆండీ ష్లెక్ పోర్ ద బాలెస్ కొండ మీద దాడి చేస్తున్న క్షణంలోనే అతని సైకిల్ చైను ఊడింది. వెనకున్న అల్బెర్టో కొంటడోర్ ఆగలేదు. 31 సెకన్లు వెనక ఉన్నవాడు సాయంత్రానికి 8 సెకన్లు ముందుకొచ్చాడు. పోడియం మీద పసుపు జెర్సీ తొడుక్కుంటుంటే జనం ఈసడించారు. అప్పటి నుంచి ఆ 8 అలాగే ఉంది.

మైకు ముందు కూర్చున్న మనిషి 21 ఏళ్ళుగా మోస్తున్న అంకె కూడా అదే.

"8 సెకన్లంటే ఎంతో తెలుసా?" ముసలాయన మనవరాలి చేతిలోంచి పేపరు తీసుకున్నాడు. "లెక్కపెట్టు. పైకి."

ఒకటి, రెండు, మూడు. ఆయన ఫ్లాస్కు మూత తిప్పాడు. నాలుగు, అయిదు. కాఫీ వంచడం మొదలెట్టాడు. ఆరు, ఏడు, ఎనిమిది. కప్పు సగం కూడా నిండలేదు. ఆ సగం కప్పును ఆవిడకిచ్చాడు.

"అంతే. నేను అక్కడే ఉన్నాను."

1989 జూలై 23. ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్ళు నిండిన సంవత్సరం. ఆఖరిరోజు వెర్సాయ్ నుంచి పారిస్‌లోని షాంజెలిజె దాకా 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరు విడివిడిగా గడియారంతో పోటీ. పసుపు జెర్సీ ఫిన్యోన్‌ది, 50 సెకన్ల ఆధిక్యం. వెనక అమెరికన్ గ్రెగ్ లెమాండ్, 1984లో ఫిన్యోన్ జట్టులోనే తొక్కినవాడు. రెండేళ్ళ కిందట వేటలో పొరపాటున తుపాకి పేలి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఒంట్లో సీసపు గుళ్ళు ఇంకా ఉన్నాయి. 24.5 కిలోమీటర్లలో 50 సెకన్లు కోసుకోవడం కుదిరే పని కాదన్నారు. లెమాండ్ హ్యాండిల్‌కు కొత్తగా రెండు కొమ్ములు బిగించుకుని, వాటి మీద మోచేతులాన్చి, గాలిని చీల్చే హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. ఫిన్యోన్ బోడితలతో, గాలికి పిలక ఊగుతూ వచ్చాడు. సీటు రాపిడికి లేచిన పుండు వల్ల రాత్రుళ్ళు నిద్ర లేదు. ఆ సంగతి అప్పటికి జనానికి తెలియదు.

"మా ఊరు బ్రిటనీ," అన్నాడు ముసలాయన. "ముప్పై ఏళ్ళు సైకిల్ మీదే ఉత్తరాలు పంచాను. మాకు దేవుడంటే బెర్నార్ ఇనో. 1984లో మా ఇనో మీద పది నిమిషాల పైచిలుకు తేడాతో గెలిచాడు ఈ పారిస్ పిల్లవాడు. గెలిస్తే గెలిచాడు. ఇనో దాడి చేస్తుంటే నవ్వొచ్చిందని టీవీలో చెప్పాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు."

ఆయన కాసేపు ఆగాడు. టీవీలో ఆదాం మాట్లాడుతున్నాడు కాబట్టి ఆగనక్కర్లేదు. అయినా ఆగాడు.

"షాంజెలిజెలో కంచె పట్టుకుని నిలబడ్డాను. లెమాండ్ వచ్చేశాడు, 26 నిమిషాల 57 సెకన్లు. మైకులో గడియారం చదువుతున్నారు. ఫిన్యోన్ కనపడుతున్నాడు, వస్తున్నాడు, కానీ గీత రావట్లేదు. 27 నిమిషాల 55 సెకన్లు. 58 సెకన్లు పోయాయి, 8 సెకన్లలో టూర్ పోయింది. గీత దాటి రోడ్డు మీద పడిపోయాడు. పక్కనున్న ముసలమ్మ ఏడ్చింది. నేను..."

మనవరాలు తలెత్తి చూసింది.

"నేను నవ్వాను. గట్టిగా కాదులే. కానీ నవ్వాను."

3,285 కిలోమీటర్లు, 87 గంటల పైన తొక్కుడు, తేడా 8 సెకన్లు. ఆ రోజు వాళ్ళు పోయిన వేగానికి లెక్కేస్తే 120 మీటర్లు. టూర్ చరిత్రలో అంతకన్నా చిన్న తేడా లేదు. ఆ ఏడు జనంతో, పత్రికలతో సరిగా మెలగని రేసరుకిచ్చే 'నిమ్మకాయ బహుమతి' కూడా ఫిన్యోన్‌కే దక్కింది. కెమెరాల మీద ఉమ్మాడు, అడిగినవాళ్ళను కసిరాడు. ఓడినవాణ్ణి ప్రేమించడం ఫ్రాన్స్‌కు కొత్త కాదు. రేమోన్ పులిడోర్ మూడుసార్లు రెండోస్థానంలో, అయిదుసార్లు మూడోస్థానంలో నిలిచాడు, ఒక్కరోజూ పసుపు జెర్సీ తొడగలేదు. అయినా 2010లో కూడా టూర్ వెంట తిరుగుతుంటే ముసలమ్మలు బుగ్గలు ముద్దాడేవారు. పులిడోర్ ఓడి నవ్వేవాడు. ఫిన్యోన్ ఓడి పళ్ళు కొరికాడు. జనం మొదటివాణ్ణి చంకనెత్తుకున్నారు, రెండోవాడి మెడకు 8 అనే అంకె కట్టారు. రెండు టూర్లు, ఇటలీ టూర్ అయిన జీరో, రెండుసార్లు మిలాన్-సాన్ రెమో రేసు గెలిచిన మనిషిని వీధిలో ఆపి ఆ ఓటమి గురించే అడిగేవారు.

"రేసుల్లో నిషిద్ధ మందులు కూడా వాడానని రాసుకున్నాడుగా," కుర్రాడు మెల్లగా అన్నాడు. ఇందాకటి దెబ్బ ఇంకా మానలేదు.

"రాసుకున్నాడు," అంది ఆవిడ. "పరీక్షల్లో రెండుసార్లు దొరికాడు కూడా. జబ్బు వాటివల్లేనా అని అడిగితే, చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. నేనేం మందులు వాడానని నాకొచ్చింది?"

ఇంతలో టీవీలో మబ్బు తెర మీద మబ్బు. రేసు లూజ్ దాటి మన కొండ ఎక్కుతోంది. పదికిలోమీటర్ల పలక దగ్గర ష్లెక్ లేచాడు. కొంటడోర్ అతని వెనక చక్రానికి అతుక్కున్నాడు. మిగిలినవాళ్ళందరూ ఒక్కొక్కరే మబ్బులో కరిగిపోయారు. గుడ్డ కింద కేకలు మొదలయ్యాయి. బాస్క్ కుర్రాళ్ళు జెండాలు పట్టుకుని రోడ్డు మధ్యకు పోతున్నారు.

ఆ కేకల్లో ముసలాయన చెయ్యెత్తాడు. "గొంతు తగ్గించండి. ఆయన మాట్లాడుతున్నాడు."

ఒకరు ఆగారు, పక్కవారిని మోచేత్తో పొడిచారు, వారూ ఆగారు. ఇద్దరు కొదమసింహాలు కిందనుంచి వస్తుంటే, టూర్ తేలిపోయే గంటలో, పదిహేను మంది నోరు మూసుకుని జానెడు టీవీ వైపు చెవులు పెట్టారు. ఎండు మట్ట ఈడ్చిన ఆ గొంతు ష్లెక్ కాళ్ళ గురించి చెబుతోంది, కొంటడోర్ భుజాల గురించి చెబుతోంది. ముందున్నవాడు ఎక్కడ తొందరపడకూడదో చెబుతోంది. తేడా 8 సెకన్లని ఆదాం అన్నాడు. ఫిన్యోన్ ఏమన్నాడో మనం పట్టుకోలేకపోయాం. హెలికాప్టర్ నెత్తిమీదికి వచ్చేసింది.

ఇక టీవీ అక్కర్లేదు. కింద మలుపు దగ్గర మొదలైన రొద గోడలా ఎక్కొస్తోంది. మోటారు సైకిళ్ళ దీపాలు మబ్బులో పచ్చగా పూశాయి. పోలీసు బండి, ఇంకో బండి. ఆ వెనక ష్లెక్ తెల్ల జెర్సీ, దాని నీడలా కొంటడోర్ పసుపు జెర్సీ. మన మోకాలికీ వాళ్ళ మోచేతికీ మధ్య మూరెడు ఎడం. ఊపిరి వినిపిస్తోంది, కొలిమి తిత్తిలా. తడిసిన జెర్సీ నుంచి ఆవిరి లేస్తోంది. ఉన్నట్టుండి పసుపు జెర్సీ పక్కనుంచి తన్నుకుని ముందుకు దూకింది. తెల్లది నాలుగు తొక్కుళ్ళలో అందుకుంది. అందుకుని, తల తిప్పి, పక్కవాడి ముఖంలోకి నేరుగా చూసింది. ఆ చూపు మన ముందే పడింది. తరవాత మబ్బు ఇద్దరినీ మూసేసింది.

మొత్తం ఎంతసేపు? మనవరాలు లెక్కపెట్టిందట. "ఆరు!" అని అరిచింది.

పైన ష్లెక్ గెలిచాడు. కొంటడోర్ అతని పక్కనే గీత దాటాడు, తేడా సున్నా. మబ్బులో ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు. 8 సెకన్లు అలాగే మిగిలాయి. ఆ క్షణంలో కొండ మీద ఎవరికీ తెలియనిదొకటి ఉంది. ముందురోజు, సెలవునాడు, కొంటడోర్ ఇచ్చిన నమూనాలో నిషిద్ధ మందు జాడ బయటపడబోతోంది. పారిస్‌లో అతను 39 సెకన్లతో గెలుస్తాడు, 2012లో ఆ టూర్ ష్లెక్ పేరు మీదికి మారుతుంది. రోడ్డు మీద కేకలేసినవాళ్ళు కేకలేసింది ఒకరికి, పుస్తకంలో మిగిలేది ఇంకొకరు.

కుర్రాడు జనరేటరు వెయ్యడానికి వెళ్ళి, వేయకుండానే తిరిగొచ్చాడు. వ్యాఖ్యానం ఇంకా నడుస్తోంది. రేసయిపోయాక జరిగేది సాధారణంగా ఎవరూ వినరు. ఇవాళ విన్నారు. ఆఖర్న ఆ గొంతు వీడ్కోలు చెప్పి ఆగిపోయింది, ప్రకటన వచ్చింది. అప్పుడు ఆవిడ ఉన్నిటోపీ తీసి నీళ్ళు పిండింది. తల మీద కొత్తగా మొలుస్తున్న జుట్టు, గడ్డిపరకలంత.

"ఈయన ఊరు ఇక్కడేనటగా?" అని మనం అడిగాం.

"పుట్టింది పారిస్. కానీ ఈ కొండకు అవతల, కింద జెర్ద్ అనే పల్లెలో సైక్లింగ్ శిబిరం పెట్టుకున్నాడు. ఇది ఆయన పెరటి కొండ," అన్నాడు ముసలాయన. "ఒకసారి పోదామనుకున్నాను. పోయి ఏం చెబుతాను? అయ్యా, 1989లో మీరు పడిపోతే నేను నవ్వానండీ, అనా?"

ఆయన చెక్కపెట్టె మీంచి టీవీ తీసి, తువ్వాలుతో తుడిచి, మీట ముట్టుకోకుండా స్విచ్ మాత్రం ఆపి, లోపల పెట్టాడు.

25న టూర్ పారిస్ చేరింది. ఆఖరిరోజు కూడా ఫిన్యోన్ మైకు ముందే ఉన్నాడు. ఆగస్టు 12న ఆయనకు 50 నిండాయి. ఆగస్టు 31న, మంగళవారం, పారిస్ ఆసుపత్రిలో చనిపోయాడు.

ఆ మధ్యాహ్నం బ్రిటనీలో ఒక వంటింట్లో రేడియో వార్త చెబుతుంది. ముసలాయన చేతిలో బంగాళాదుంప సగం చెక్కి ఉంటుంది. రేడియో మనిషి ఫిన్యోన్ ఎవరో ఒక వాక్యంలో చెప్పాలి. ఏ అంకె చెబుతాడా అని ఆయన కత్తి ఆపి వింటాడు. రెండు టూర్లు, అంటుంది రేడియో ముందు. ఆ తరవాతే 8 సెకన్లు. ఆయన తలాడించి మిగతా సగం చెక్కుతాడు.

సెప్టెంబరు 3న పారిస్‌లోని పెర్ లషేజ్‌లో దహనం. గేటు బయట నిలబడ్డవాళ్ళలో సగం మంది 1989లో ఎటువైపు అరిచినవాళ్ళో ఇప్పుడెవరు అడుగుతారు? నెరిసిన జుట్టును వెనక్కి లాగి పిలక కట్టుకున్న మగవాళ్ళు కొందరు. ఎవరూ ఎక్కువ మాట్లాడటం లేదు. గొంతు తగ్గించుకోవడం జూలైలోనే అలవాటైంది వాళ్ళకు.

2011 జూలై 14. మళ్ళీ టూర్మలె. ఈసారి రేసు అవతలి నుంచి, జెర్ద్ వైపు నుంచి ఎక్కి, మన వైపు దిగి, లూజ్-అర్దిదెన్‌లో ముగుస్తుంది. పోయినేడు నిలిపిన చోటే తెల్ల వ్యాను. మనవరాలికి పది నిండాయి, ఎర్రచుక్కల టోపీ కాస్త బిగుతైంది. పక్క వ్యాను కుర్రాడు కూడా వచ్చాడు. జనరేటరును ఈసారి తనంతట తానే దూరంగా, రాయి వెనక పెట్టుకున్నాడు. ఉన్నిటోపీ ఆవిడ ఇంకా రాలేదు. వస్తుందేమోనని ముసలాయన రెండోసారి మలుపు దాకా వెళ్ళి చూసొచ్చాడు.

చెక్కపెట్టె మీద టీవీ పెట్టాడు. తీగ తగిలించాడు. స్విచ్ నొక్కాడు.

వ్యాఖ్యాత గొంతు పగిలిపోయే మోతతో విరుచుకుపడింది. మనవరాలు చెవులు మూసుకుంది. దూరంగా గొర్రెలు బెదిరి గంటలు మోగించుకుంటూ పరిగెత్తాయి. ఇద్దరు ముగ్గురు వ్యానుల్లోంచి తలలు బయటపెట్టారు.

"తాతా, తగ్గించు!"

మీట ఏడాదిగా ఆఖర్నే ఉండిపోయింది. ముసలాయన దాని మీద వేలు పెట్టాడు. వెంటనే తిప్పలేదు. కొండ మీద అందరూ తన వంకే చూస్తుండగా, ఆ పెద్ద మోతను కాసేపు అలాగే వినిపించనిచ్చాడు. ఆ తరవాత మెల్లగా, చాలా మెల్లగా, ఎడమకు తిప్పాడు.